వద్దు అనే ఫోల్డరు

ఆమె మా స్టూడియో మెట్లెక్కి వచ్చినప్పుడు నేను ఒక చెవులు కుట్టే ఫంక్షన్ క్యాసెట్టు మీద ఉన్నాను. చిత్తూరులో మా స్టూడియో ఒక టైర్ల షాపు పైన ఉండేది. ఎడిటింగ్ అనే మాట మా వీధిలో ఎవరూ వాడేవాళ్లు కాదు. మిక్సింగ్ అనేవాళ్లు. పెళ్లివాళ్లు కింద టైర్ల షాపులో "మిక్సింగ్ అమ్మాయి ఉండాదా పైన?" అని అడిగి మరీ ఎక్కి వచ్చేవాళ్లు. ఆ పని చేసే ఆడమనిషిని ఆ చుట్టుపక్కల నేనొక్కదాన్నే.

"అక్కా, మీరేనా మిక్సింగ్ చేసేది?"

ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్లుంటాయి ఆమెకు. తిరుపతిలో చీరల షాపులో పని చేస్తానని, ఈ రోజు సెలవు పెట్టి పొద్దున బస్సుకే బయలుదేరానని చెప్పింది. ప్లాస్టిక్ కవరులోంచి ఒక వీడియో క్యాసెట్టు తీసి నా కీబోర్డు పక్కన పెట్టింది. దాని మీద మా స్టూడియో స్టిక్కరు, స్కెచ్ పెన్నుతో నా చేతిరాత.

"ఐదేండ్లయింది అక్కా మా పెండ్లయ్యి. పూతలపట్టు పక్కన మా ఊరు. మీవాళ్లే వచ్చి తీసినారు. ఇందులో మా అమ్మ లేదు."

"లేదంటే?"

"ఒక్క తావులో గూడా పడలేదు. మూడు గంటల క్యాసెట్టు. ఎన్నిసార్లు వేసి సూసినానో నాకే తెలీదు. మా అమ్మ పోయిన ఆషాఢంలో సనిపోయింది అక్కా. రేషన్ కార్డు మీద ఫోటో తప్ప ఇంట్లో ఇంకేం లేదు. దాంట్లో మొగం గోరంత ఉండాది."

తండ్రి చిన్నప్పుడే పోయాడట. తల్లి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోస్తూ పెంచిందట. ఇవన్నీ ఆమె ఏడవకుండా, ఆఫీసులో అర్జీ ఇచ్చేవాళ్లు వివరాలు చెప్పినట్టు వరసగా చెప్పింది.

"పెండ్లి రోజు కెమెరా ఆయప్ప నన్ను గూడా తీసినాడు, వద్దంటా ఉన్నా వినలేదు అని మా అమ్మ నాతో చెప్పింది. నవ్వతా చెప్పింది. అంటే తీసినట్టే గదా? తీసింది యాడన్నా మిగిలుండాదేమో సూడండి అక్కా."

నేను క్యాసెట్టును చేతిలో అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. నాకు ఆ పెళ్లి గుర్తొచ్చింది.

ఆ పెళ్లి టేపులు నా దగ్గరికి వచ్చినప్పుడు మా ఓనరు కంప్యూటరు కొని ఎన్నాళ్లో కాలేదు. నేను షాట్లన్నీ అందులోకి ఎక్కించుకుని, ఒక్కొక్కదానికి పేరు పెట్టుకుని సగం పని చేశాక పెళ్లికొడుకు తండ్రి స్టూడియోకు వచ్చాడు. నా వెనక కుర్చీ వేసుకుని చూశాడు. ఒకచోట చెయ్యెత్తి ఆపమన్నాడు.

"ఆయమ్మ మా వియ్యంపురాలు. మొగుడు లేని మనిషి. పెండ్లి క్యాసెట్టులో బాగుండదు. యాడాడ వస్తాదో అన్నీ తీసేయి పాపా."

"అట్లాగే సార్" అన్నాను. ఎందుకని అడగలేదు. పెళ్లికూతురికి తెలుసా అని అడగలేదు. నిజం చెప్పాలంటే ఆ పని బాగా కుదిరిందని సంతోషపడ్డాను కూడా. తలంబ్రాల దగ్గర ఆ తల్లి వెనకనుంచి దాటిపోయే షాటు ఒకటి ఉంది. ఎంత కత్తిరించినా ఆమె చీర అంచు మిగిలిపోతోంది. దాని మీదికి తామరపువ్వు విచ్చుకునే ఎఫెక్టు వేశాను. పువ్వు పూర్తిగా విచ్చుకునేసరికి ఆమె ఉండదు. మా ఓనరు చూసి "భలే దాచేసినావుమ్మా" అని మెచ్చుకున్నాడు. ఆ రోజంతా ఆ మెప్పు నాతోనే ఉంది.

ఆ సంగతి ఆ అమ్మాయి ముఖం చూస్తూ చెప్పలేకపోయాను. "చూస్తాను. నంబరు రాసి పెట్టి వెళ్లు" అన్నాను.

"ఎన్ని దినాలు పడతాది అక్కా?"

"చెప్పలేను. పాతది కదా."

"నెల అంటే నెల, రెండు నెలలంటే రెండు నెలలు. నేను వస్తా. దొరకలేదు అని మాత్రం బిన్నా చెప్పేయొద్దండి" అని, క్యాసెట్టు మళ్లీ కవరులో పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

దొరకలేదని అప్పటికప్పుడు చెప్పడానికి నాకు అన్ని కారణాలూ ఉన్నాయి. ఆ రోజుల్లో మా కంప్యూటరులో మూడు పెళ్లిళ్లు పడితే డిస్కు నిండిపోయేది. క్యాసెట్టు ఇచ్చేసిన మర్నాడే ఆ వీడియో అంతా తుడిచేసి కొత్త పెళ్లి ఎక్కించేదాన్ని. కెమెరాలో వాడే చిన్న టేపులు కూడా అంతే. ఒక పెళ్లి మీదే ఇంకో పెళ్లి తీసేవాళ్లం. పైగా ఆ కంప్యూటరే ఇప్పుడు మా దగ్గర లేదు. దాన్ని మార్చేసి మూడేళ్లయింది.

అయితే ఒక్కటి మాత్రం నేనెప్పుడూ తుడిచేదాన్ని కాదు. ప్రాజెక్టు ఫైలు. అందులో వీడియో ఉండదు. ఏ టేపులో ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా ఏ షాటు తీసుకున్నాం, దేని తర్వాత ఏది వస్తుంది అనే రాత మాత్రం ఉంటుంది. వంటవాళ్లు రాసుకునే సామాన్ల చీటీ లాంటిది. చాలా చిన్న ఫైలు కాబట్టి తుడిచినా చోటేమీ కలిసిరాదు. అందుకే వదిలేసేదాన్ని. అది దొరికితే ఆ తల్లి ఏ టేపులో ఉందో, ఎన్నో నిమిషంలో ఉందో తెలుస్తుంది. తర్వాత సంగతి తర్వాత.

మా ఓనరును అడిగాను, పాత కంప్యూటరు ఎక్కడుందని.

"కోర్టు కాడ టైపు షాపాయనకు ఇచ్చేస్తిమి గదా. ఎందుకిబ్బుడు?"

చెప్పాను. ఆయన చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "ఐదేండ్ల నాటి పెండ్లి. ఆ పిల్లకు సర్ది చెప్పి పంపించు. మనకు ముందర సీజను ఉండాది."

"మధ్యాహ్నం అన్నానికి పోయే టైములో వెతుక్కుంటాను అన్నా. మన పని ఆగదు."

"నువ్వు పట్టుకుంటే ఇడిసేదానివా? పో, సూసుకో" అన్నాడు.

కోర్టు ఎదురుగా వరసగా టైపు షాపులు. మా పాత కంప్యూటరు కొన్న పెద్దాయన ముప్పై ఏళ్లు టైపు మిషను మీద దావాలు, అఫిడవిట్లు కొట్టిన మనిషి. కంప్యూటరు కొన్నా మిషను తీసేయకుండా పక్కనే గుడ్డ కప్పి పెట్టుకున్నాడు. నేను వచ్చిన పని చెప్తే కళ్లజోడు పైకి తోసుకుని నా వైపు అనుమానంగా చూశాడు.

"సూడుమ్మా, నాకు ఇబ్బంది లేదు. ఒంటి గంట నుంచి రెండు దాకా నేను క్యారేజీ తినే టైము, అబ్బుడు కూర్చో. కానీ నా దావాలు ఒక్కటి పోయినా వకీళ్లు నన్ను బతకనియ్యరు."

"దేన్నీ తుడవను సార్. చూస్తాను, అంతే."

మొదటి రోజే తెలిసింది, సీ డ్రైవు మొత్తం తుడిచి కొత్తగా వేశారని. నా పెళ్లిళ్లలో సగం అందులోనే పోయాయి. డీ డ్రైవును మాత్రం ముట్టుకోలేదు. అందులో "తెలీనివి" అని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ఫోల్డరు ఉంది.

"ఇదేంది సార్?"

"నాకు తెలీనివన్నీ ఒక దాంట్లో ఏసి పెట్టినా. తుడిస్తే ఏం ఆగిపోతాదో అని బయం" అన్నాడు ఆయన, పెరుగన్నం కలుపుకుంటూ.

ఆయన భయానికి ఆ రోజు మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆ ఫోల్డరులో నా ఫైళ్లున్నాయి. మేము వాడే సాఫ్ట్‌వేరు, కరెంటు పోతే పని పోకుండా, ఇరవై నిమిషాలకొకసారి తనంతట తానే ప్రాజెక్టుకు ఒక నకలు దాచిపెట్టేది. ఆ నకళ్లు నాలుగు వందలకు పైగా ఉన్నాయి. సంతోషం అక్కడితో ఆగింది. అన్నింటి పేరూ ఒకటే: పెళ్లి ఒకటి, పెళ్లి రెండు, పెళ్లి మూడు... నాలుగు వందల దాకా. ప్రతి పెళ్లికీ వేరే ఫోల్డరు చేసుకున్నా, ప్రాజెక్టుకు మాత్రం అదే పేరు పెట్టే బద్ధకం నాది. తేదీలు చూసి పట్టుకుందామంటే అన్నింటికీ జనవరి ఒకటో తేదీయే ఉంది. ఆ కంప్యూటరు లోపలి గడియారం బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. ఆపి పెట్టిన ప్రతిసారీ అది జనవరి ఒకటికి వెళ్లిపోయేది. అప్పట్లో నేను దాన్ని చూసి నవ్వుకునేదాన్ని తప్ప, బ్యాటరీ మార్పించమని ఎవరికీ చెప్పలేదు.

టైపు షాపులో మా సాఫ్ట్‌వేరు లేదు. ఫైలును మామూలు నోట్‌ప్యాడులో తెరిస్తే చెదపురుగులు తిన్న కాగితంలా పిచ్చి గుర్తులు కనిపించేవి. కానీ వాటి మధ్యలో అక్కడక్కడ నేను టైపు చేసిన మాటలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. టేపు నంబర్లు, షాట్ల పేర్లు, ఊళ్ల పేర్లు. "వెతుకు" అని కంప్యూటరుకే చెప్పి చూశాను. ఆ ఫైళ్ల లోపలికి అది చూడలేకపోయింది. ఇక మిగిలింది నా కళ్లే. ఒక్కొక్క ఫైలూ తెరవడం, పూతలపట్టు అనే మాట కోసం పై నుంచి కింద దాకా చూడటం, మూసేయడం. నోట్‌బుక్కులో దాని నంబరు కొట్టేయడం. గంటకు నలభై, నలభై ఐదు అయ్యేవి.

నాలుగో రోజుకు కళ్లల్లో మంట పుట్టింది. ఐదో రోజు అన్నం తినకుండా పోయాను. ఆ పెద్దాయన తన క్యారేజీ మూతలో నాలుగు ముద్దలు పెట్టి నా పక్కకు తోశాడు.

"ఎవురిదిమ్మా ఆ పెండ్లి? మీ సొంతమా?"

"కాదు సార్."

"మరెందుకు ఈ పాటు?"

కొత్త మనిషి ముందు దాచాల్సిన పని లేదనిపించింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. వియ్యంకుడు చెప్పిన మాట, నేను అట్లాగే అన్న మాట, తామరపువ్వు సంగతి కూడా. ఆయన నమిలేది ఆపి విన్నాడు.  చేయి కడుక్కుని వచ్చి నా పక్కన ఇంకో స్టూలు వేసుకున్నాడు.

"నువ్వు తెరస్తా పో. నేను చదువుతా. తప్పులు పట్టడమే గదా ముప్పై ఏండ్లుగా నా పని."

ఆయన కళ్లు నిజంగానే వేరు. నేను ఇంకా మొదటి వరస చూస్తుండగానే "లేదు, పో" అనేవాడు. వేగం రెండింతలైంది. ఏడో రోజు, మూడు వందల పైచిలుకు ఫైలు దగ్గర, ఆయన తెర మీద వేలు పెట్టాడు.

"ఆగాగు. పీ యూ టీ హెచ్... తర్వాత ఏముండాదో సూడు."

పూతలపట్టు. దాని కిందే మండపం, మంగళస్నానం, కాశీయాత్ర. ఆ పెళ్లే. నేను గట్టిగా "ఇదే సార్!" అని అరిచేసరికి బయట బెంచీ మీద కూర్చున్న కక్షిదారులు లోపలికి తొంగిచూశారు. ఆయన మాత్రం "ముందు నకలు తీసుకో" అన్నాడు. ఒక ఫ్లాపీలో సరిపోయింది. ఒకటి చెడిపోతే ఎట్లా అని ఇంకో ఫ్లాపీలో కూడా తీసుకున్నాను.

స్టూడియోకు పరుగున వచ్చి మా కొత్త కంప్యూటరులో తెరిచాను. ఈ ఫైలు ఎక్కడుంది, ఆ ఫైలు ఎక్కడుంది అని అది ప్రతి షాటుకూ అడిగింది. లేదు, లేదు అంటూ దాటించుకుంటూ పోయాను. చివరికి ప్రాజెక్టు తెరుచుకుంది. బొమ్మ ఒక్కటీ లేదు, ఎక్కడ చూసినా ఖాళీ గళ్లే. కానీ నేను పెట్టిన పేర్లున్నాయి, టేపు నంబర్లున్నాయి, నిమిషాలున్నాయి. ఎడమ పక్కన ఫోల్డర్ల వరస. చివర్లో ఒకటి, "వద్దు".

తెరిచాను. తొమ్మిది షాట్లు. అమ్మాయి అమ్మ ఒకటి, అమ్మాయి అమ్మ రెండు, అట్లా తొమ్మిది దాకా. పెళ్లికొడుకు తండ్రి రాకముందు ఆ పేర్లు పెట్టింది నేనే. వచ్చి వెళ్లాక అన్నింటినీ ఎత్తి ఈ ఫోల్డరులో పడేసిందీ నేనే. ఆ తొమ్మిది పేర్లూ మళ్లీ ఒకసారి చదివాను. తర్వాత కాగితం తీసుకుని రాసుకున్నాను.

ఎనిమిది షాట్లు ఒకటో టేపులో, రెండో టేపులో మొదటి నిమిషాల్లోవి. అవి ఉండే ఆశ లేదు. టేపును మళ్లీ వాడినప్పుడు మొదటి భాగం మొదట పోతుంది. తొమ్మిదోది పొడవైన షాటు. పదకొండు నంబరు టేపు, నలభై ఒకటో నిమిషం నుంచి నలభై ఆరో నిమిషం దాకా. ఆ టేపు మీద తర్వాత తీసినవి నలభై నిమిషాల లోపల ఆగి ఉంటే, ఆమె ఉంటుంది.

టేపులన్నీ మా పాత కెమెరా ఆయన దగ్గరున్నాయి. ఆయన వీడియో పని మానేసి సొంతూరు నగరికి వెళ్లిపోయేటప్పుడు పాత కెమెరా, టేపులు తనతోపాటే తీసుకెళ్లాడు. ఫోన్ చేస్తే వెనక మగ్గాల చప్పుడులో "అటక మీద డబ్బా ఉండాది, దించలేదు. వచ్చి సూసుకోండి!" అని అరిచాడు.

ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. తిరుపతి నుంచి తను, చిత్తూరు నుంచి నేను పుత్తూరు బస్టాండుకు వచ్చి, అక్కడినుంచి కలిసి నగరి పోవాలని అనుకున్నాం.

పుత్తూరులో ఆమె నాకంటే ముందే వచ్చి బెంచీ మీద కూర్చుని ఉంది. నగరి బస్సుకు ఇంకా టైముంది. అక్కడికి వెళ్లి ఆ టేపు చూశాక చెప్పడం కంటే ముందే చెప్పాలనిపించింది.

"నీకొకటి చెప్పాలమ్మా. మీ అమ్మ క్యాసెట్టులో పడకపోవడం కాదు. పడింది. తీసేసింది నేనే. మీ మామ వచ్చి తీసేయమన్నాడు. నేను తీసేశాను."

ఆమె నా వైపు తిరగలేదు. ప్లాట్‌ఫారం మీద ఆగిన బస్సు కేసి చూస్తూ అంది: "క్యాసెట్టు వచ్చిన రోజు మా అమ్మ మా పెద్దమ్మోళ్లింట్లో కూర్చోని మూడు గంటలూ సూసింది. తను వస్తానేమో అని. అయిపోయినాంక, నేను పడలేదులే పాపా, యాడో మూల ఉంటిని గదా అనింది."

 ఆ మూడు గంటలూ ఆ తల్లి టీవీ ముందు ఎట్లా కూర్చుని ఉంటుందో నా కళ్లకు కట్టింది. బస్సు వచ్చింది. ఆమె ముందు ఎక్కి డ్రైవరు వెనక సీటులో కూర్చుంది. పక్కన చోటున్నా బ్యాగు పెట్టుకుంది. నేను వెనక్కి వెళ్లి కూర్చున్నాను. నగరి దాకా ఆమె తల వెనక్కి తిరగలేదు. దిగి అటునుంచి అటే తిరుపతి పోతుందేమో అనుకున్నాను. పోతే పోనీ, టేపు మాత్రం నేను తెచ్చి ఇవ్వాలి అని కూడా అనుకున్నాను.

నగరిలో దిగాక ఆమె చీర సర్దుకుని నా కోసం ఆగింది.

"యా దావక్కా పోవాల్సింది?" అంది.

కెమెరా ఆయన ఇంట్లో ముందు గదిలో రెండు పవర్‌లూములు. ఆయనా, ఆయన భార్యా వాటి మధ్యలో నడుస్తున్నారు. మమ్మల్ని చూసి ఆపేసి, చేతికంటిన నూలు దులుపుకుని అటకెక్కాడు. బిస్కెట్ల రేకుడబ్బా దించాడు. నా చేతిరాతలో నంబర్లు వేసిన టేపులు. ఐదు, పద్దెనిమిది, ఇరవై, మూడు. మొత్తం ఆరు టేపులున్నాయి, పదకొండో నంబరు లేదు. డబ్బా బోర్లించి మళ్లీ చూశాను. ఆయన భార్య "కెమెరా సంచీలో ఒగటి ఉండాది సూడు" అంది. సంచీ తీసి మూత విప్పితే కెమెరా లోపల ఇరుక్కుని ఉన్న టేపు పదకొండు. చివరి ఫంక్షన్ దాంట్లోనే తీసి అట్లాగే పెట్టేశాడు.

బ్యాటరీ ఎప్పుడో పోయింది. వైరు పెట్టి, టీవీకి కలిపి, టేపును వెనక్కి తిప్పాడు. మొదట ఎవరిదో గృహప్రవేశం వచ్చింది. ఆవు గడప దాటనని మొరాయిస్తోంది, నలుగురు తోస్తున్నారు. వేగంగా ముందుకు పోనిచ్చాం. నేను కాగితం మీద రాసిన నిమిషాలూ, కెమెరా మీద తిరిగే అంకెలూ చూస్తున్నాను. ముప్పై ఐదు, ముప్పై ఎనిమిది. గృహప్రవేశం అవుతూనే ఉంది. నలభై. నలభై ఒకటి దాటింది. భోజనాలు వడ్డిస్తున్నారు. నలభై రెండు. ఆ అమ్మాయి నా మణికట్టు పట్టుకుంది. నలభై మూడున్నర దగ్గర తెర నీలంగా అయిపోయి, ఒక క్షణం గళ్లు గళ్లుగా చెదిరింది.

తర్వాత ఒక వరండా. కింద చాప మీద కూర్చుని ఒక సన్నటి ఆడమనిషి తమలపాకులు తుడుస్తూ, రెండాకులు ఒక వక్క చొప్పున తాంబూలాల సంచుల్లో వేస్తోంది. తలెత్తి చూసింది.

"అమ్మ" అంది ఆ అమ్మాయి.

తెర మీద ఆ తల్లి పెదాలు కదులుతున్నాయి గానీ ఏం వినిపించట్లేదు. ఇంట్లో మగ్గాలు ఆపినా రెండు పక్కల ఇళ్ల మగ్గాలు గోడలు అదిరేట్టు ఆడుతున్నాయి. కెమెరా ఆయన టేపు ఆపి లేచాడు.

"ఉండండి. వీధి మొత్తం ఆపలేను గానీ, ఇటు రెండిండ్లు అటు రెండిండ్లు చెప్పొస్తా."

కాసేపటికి ఒక పక్క చప్పుడు ఆగింది. ఇంకో పక్క ఆగింది. ఎదురింటిదీ ఆగింది. ఎందుకు ఆపమన్నారో చూద్దామని ఆ ఇళ్ల ఆడవాళ్లిద్దరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆయన టేపు మళ్లీ వేశాడు.

"యోవ్, నన్నెందుకప్పా? పో, ఆడ పిల్లను తీయి పో" అంటోంది ఆ తల్లి, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ.

"నీ కూతురికి ఒక్క మాట చెప్పమ్మా" అని కెమెరా వెనకనుంచి ఆయన గొంతు.

"ఏం చెప్పేది?" కొంగు దించింది. ఆకు తుడిచే చెయ్యి ఆగింది. "ఆ పిల్ల పొద్దున్నుంచి ఏం తినలేదు. ఎవురన్నా రొన్ని పాలన్నా ఇయ్యండప్పా దానికి. అడగదు అది. నోరు తెరిసి అడగదు."

ఎవరో పిలిస్తే అటు తిరిగి "ఆ, అయిపాయ, ఇంక రెండు కట్టలే" అని మళ్లీ ఆకులు తుడవడం మొదలుపెట్టింది. అంతే. రెండు నిమిషాల చిల్లర.

ఆ అమ్మాయి నాలుగుసార్లు వేయించుకుంది. అప్పటిదాకా ఎక్కడా ఏడవని మనిషి మూడోసారి, పాల మాట దగ్గర, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగోసారి కళ్లు తుడుచుకుని శ్రద్ధగా చూసింది. గుమ్మంలో ఉన్న ఆడవాళ్లలో ఒకావిడ "మీ అమ్మనా? నీ మాదిరే ఉండాది" అంది. కెమెరా ఆయన భార్య లోపలికి వెళ్లి అందరికీ పాలు కాచి తెచ్చింది. కాఫీ పొడి లేకనో, ఆ మాట వినో, నేను అడగలేదు.

టేపు తెచ్చి స్టూడియోలో కంప్యూటరులోకి ఎక్కించాను. అప్పటికి నా మనసులో ఒక ఆలోచన తయారైంది. ఆమె దగ్గరున్న క్యాసెట్టును మళ్లీ ఎక్కించి, తామరపువ్వు ఉన్న చోట ఈ రెండు నిమిషాలు పెట్టి, కొత్తగా చేసి ఇవ్వాలని. ఆమె వచ్చినప్పుడు అదే చెప్పాను. వెనక సన్నగా వేణువు వేస్తానన్నాను. అంచులు మెత్తగా చేస్తానన్నాను.

"వద్దక్కా" అంది. "ఆ క్యాసెట్టులో ఎవురెవురు ఉండాలో వాళ్లు అనుకున్నారు, అయిపాయ. దాంట్లో మా అమ్మను ఇబ్బుడు దూర్చొద్దు. ఇది ఇట్లే ఇయ్యండి. పాట వద్దు, పువ్వులు వద్దు."

నా చేతులు ఊరుకోవట్లేదు. కనీసం మొదట్లో చెదిరిన ఆ గళ్లయినా తీసేస్తానన్నాను. అదీ వద్దంది. ఉన్నది ఉన్నట్టుగా మూడు సీడీలు రాసి ఇచ్చాను. నేను ముట్టుకోకుండా బయటికి పంపిన మొదటి వీడియో అదే.

నెల తర్వాత ఫోన్ చేసింది. భర్త, కూతురు కలిసి చూశారట. ఆ పాప అవ్వ గొంతు నేర్చుకుని "యోవ్, పో" అని ఇంట్లో అందరినీ అంటోందట. మామ ఆ రోజు వాకిట్లో కుర్చీలో ఉన్నాడట. "విన్నాడు అక్కా. లోపలికి రాలేదు, ఏమీ అనలేదు. నేనూ ఏం అనలేదు" అంది. నా మీద కోపం పోయిందో లేదో ఆమె చెప్పలేదు. తర్వాత కూడా రెండు మూడుసార్లు మాట్లాడింది. ఆ మాట మాత్రం మా మధ్య రాలేదు.

ఆ సీజనులోనే ఒకాయన వచ్చి, పెళ్లికొడుకు మేనత్తను క్యాసెట్టులోంచి తీసేయమన్నాడు. కారణం అదే, ఆమెకూ భర్త లేడు.

"పెళ్లికొడుకును, పెళ్లికూతురును వచ్చి చెప్పమనండి సార్. వాళ్లిద్దరూ చెప్తే తీస్తాను" అన్నాను.

"నేను చెప్తే సాలదా?"

"చాలదు సార్."

ఆయన టేపులు వెనక్కి అడిగి తీసుకుని వెళ్లిపోయాడు. మా ఓనరు నా మీద గట్టిగానే లేచాడు. "ఇట్ల సెప్పేదైతే ముందే బోర్డు రాసి పెట్టు! వచ్చినోళ్లు గమ్మున చదువుకోని పోతారు!"

నేను అప్పుడే తెల్ల కాగితం తీసుకుని స్కెచ్ పెన్నుతో రాశాను. "పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఇద్దరూ చెప్తేనే ఎవరినైనా తీసేస్తాం." కంప్యూటరు పైన గోడకు అంటించాను. ఓనరు కుర్చీలోంచి లేచి దగ్గరికి వచ్చి చదివాడు. చింపేస్తాడనే అనుకున్నాను. ఒక మూల సరిగా అంటుకోలేదు. దాన్ని బొటనవేలితో ఒత్తి, కిందికి టీకి వెళ్లిపోయాడు.